గొరిల్లాలను, చింపాంజీలను చూడబోయేవారు వైరస్‌ను మోసుకెళ్లకుండా, మోసుకురాకుండా ఉండాలంటే

2013లో ఉగాండాలోని కిబాలే అడవిలో, కన్యవారా అనే ప్రాంతంలో తిరిగే చింపాంజీల గుంపుకు దగ్గు పట్టుకుంది. 56 చింపాంజీలున్న ఆ గుంపులో 5 చనిపోయాయి. వాటిలో పరిశోధకులు బెట్టీ అని పేరు పెట్టుకున్న రెండేళ్ల పిల్ల ఒకటి. దాని శరీరం వెంటనే దొరకడం వల్ల పరీక్ష చేయగలిగారు. చావుకు కారణం రైనోవైరస్ సి అని తేలింది. మన ఇళ్లలో బడికి వెళ్లే పిల్లలు నాలుగు రోజులు ముక్కు కారి, ఆవిరి పట్టించుకుని, మళ్లీ ఆటల్లో పడిపోయే జలుబులకు కారణమయ్యే వైరస్‌ల కుటుంబానికి చెందినదే అది.

వానరాల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి మనం చాలానే విన్నాం. మనుషుల నుంచి వాటికి పోయే జబ్బుల గురించి విన్నది చాలా తక్కువ. గొరిల్లాలను చూడటానికి ఉగాండాకో, రువాండాకో వెళ్లదలచిన తెలుగువారి కోసం, అలాగే ఉద్యోగాల మీద, వ్యాపారాల మీద మధ్య ఆఫ్రికా దేశాలలో ఉంటున్నవారి కోసం, ఈ రెండు దారులనూ ఎలా మూసి ఉంచాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను. ఈ వ్యాసంలో వానరం అన్నప్పుడల్లా తోకలేని వానరం అనే అర్థం: గొరిల్లా, చింపాంజీ, బొనోబో, ఒరాంగుటాన్, గిబ్బన్. మన గుళ్ల దగ్గర కనిపించే కోతి, కొండముచ్చు ఈ లెక్కలోకి రావు. శరీర నిర్మాణంలో గొరిల్లా, చింపాంజీ మనకు ఎంత దగ్గరివంటే, మన కణాలలోకి చొరబడే వైరస్‌లలో చాలావాటికి వాటి కణాల తలుపులు కూడా తెరుచుకునే ఉంటాయి.

ప్రమాదం ఎటు నుంచి ఎటు

ముందుగా వాటి నుంచి మనకు వచ్చినవి చూద్దాం. ప్రపంచమంతా వ్యాపించిన హెచ్‌ఐవీ-1కు మూలం ఆగ్నేయ కామెరూన్ అడవులలోని చింపాంజీలలో ఉండే ఎస్‌ఐవీ అనే వైరస్ అని 2006లో తేలింది. వైరస్‌ల శాస్త్రవేత్త బియాట్రిస్ హాన్ బృందం ఒక్క జంతువునూ పట్టుకోకుండా, అడవిలో దొరికిన మలాన్ని పరీక్షించి ఈ సంగతి కనుక్కుంది. హెచ్‌ఐవీ-1లోనే అరుదైన ఓ, పి అనే రకాలు గొరిల్లాల వైరస్‌కు దగ్గరివి. జన్యువులలోని మార్పులను లెక్కగట్టి చూస్తే ఈ వైరస్ మనుషులలో వ్యాపించడం మొదలైంది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అని తెలుస్తోంది. వేటాడిన జంతువును కోసేటప్పుడు దాని రక్తం మనిషి చేతి మీది గాయంలోకి చేరడమే దీనికి కారణమని శాస్త్రవేత్తలు ఎక్కువమంది అంగీకరించే వివరణ. చింపాంజీని దూరం నుంచి చూసినవారికి దీనివల్ల వచ్చే ముప్పు ఏమీ లేదు.

ఎబోలా కూడా ఇదే దారిలో వచ్చింది. 1996లో గాబన్ దేశంలోని మయిబౌట్ అనే గ్రామంవారు అడవిలో చనిపోయి ఉన్న చింపాంజీని తెచ్చి, కోసి, పంచుకున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన దాదాపు 20 మందికి జబ్బు వచ్చింది, వారి నుంచి ఇంట్లోవారికి సోకింది, మొత్తం 21 మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందు, 1994లో, ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో చనిపోయిన చింపాంజీకి శవపరీక్ష చేసిన పరిశోధకురాలికి ఎబోలాలోనే మరో రకం సోకింది. ఆమె బతికి బయటపడింది. ఎబోలా వానరాలను కూడా వదలదు. 2002, 2003 సంవత్సరాలలో కాంగో రిపబ్లిక్‌లోని లోస్సీ అభయారణ్యం చుట్టుపక్కల దాదాపు 5,000 గొరిల్లాలు ఎబోలాతో చనిపోయి ఉంటాయని పరిశోధకులు అంచనా వేశారు. అంటే అడవిలో చనిపోయిన గొరిల్లా కనిపించిందంటే అది చుట్టుపక్కల ఊళ్లకు కూడా హెచ్చరికే.

ఇప్పుడు రెండో వైపు. టాంజానియాలోని గోంబే అడవిలో 1966లో చింపాంజీల కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి, కొన్ని చనిపోయాయి. అంతకు ముందే దగ్గరి ఊళ్లలో మనుషులకు పోలియో వచ్చి ఉంది. అక్కడ చింపాంజీలను పరిశోధిస్తున్న జేన్ గూడాల్ బృందం పోలియో చుక్కల మందును అరటిపండ్లలో పెట్టి మిగిలిన చింపాంజీలకు తినిపించింది. తాయ్ అడవిలో 1999 నుంచి 2006 వరకు పలుమార్లు చింపాంజీలు దగ్గుతో, ఆయాసంతో చనిపోతే, వాటి ఊపిరితిత్తులలో దొరికినవి మనుషుల శ్వాసకోశ వైరస్‌లే. 2009లో రువాండాలో హిర్వా అనే గుంపులోని ఒక పెద్ద ఆడ గొరిల్లా, ఒక పసికూన ఇలాంటి వైరస్ సోకే చనిపోయాయి. 2016 చివరలో, 2017 మొదట్లో కిబాలే అడవిలోనే న్గోగో గుంపులో 205 చింపాంజీలలో 25 మనుషుల మెటాన్యుమోవైరస్ బారినపడి చనిపోయాయి. ఆ వైరస్ పేరు మనలో చాలామంది వినకపోవచ్చు కానీ, ఐదేళ్లు నిండేలోపు అది సోకని పిల్లలు మనలో బహుశా ఉండరు.

ఈ లెక్కలు చూసినప్పుడల్లా నాకు కలిగే బాధ ఒకటే. ఆడ చింపాంజీకి ఒక్కో కాన్పుకూ మధ్య ఐదారేళ్లు పడుతుంది, గొరిల్లాకు దాదాపు నాలుగేళ్లు. 25 చింపాంజీలు పోయిన గుంపు మళ్లీ కోలుకోవాలంటే ఒక తరం గడవాలి. ఈ భూమి మీద మిగిలిన కొండ గొరిల్లాలు వెయ్యి పైచిలుకు మాత్రమే. పర్యాటకుడికి గొరిల్లా వల్ల వచ్చే ముప్పు కంటే, గొరిల్లాకు పర్యాటకుడి వల్ల వచ్చే ముప్పు చాలా పెద్దది. ఇది మనసులో పెట్టుకుంటే కింది నియమాలలో ఏదీ అతిగా అనిపించదు.

బయలుదేరడానికి ముందు

ఉగాండాలో దిగాలంటే పచ్చజ్వరం టీకా పత్రం ఉండాలి. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కూడా ఆ పత్రం అడుగుతారు, లేకపోతే 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఏ రోజులలో వేస్తున్నారో ముందు కనుక్కుని, ప్రయాణానికి కనీసం నెల రోజుల ముందే ఈ పని ముగించుకోవడం మంచిది. 60 ఏళ్లు దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు ఆ సంగతిని వైద్యుడికి చెప్పకుండా టీకా వేయించుకోకూడదు.

ఆ టీకా మన కోసం. గొరిల్లాల కోసం వేసుకోవలసినవి వేరే ఉన్నాయి, వాటిని మాత్రం విమానాశ్రయంలో ఎవరూ అడగరు. తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయో లేదో చూసుకోవాలి. చిన్నప్పటి కార్డు దొరకకపోతే మళ్లీ వేయించుకోవచ్చేమో వైద్యుడిని అడగాలి. ఆ ఏడాది ఫ్లూ టీకా, కొవిడ్ టీకా, పోలియో అదనపు మోతాదు గురించి కూడా అదే రోజు మాట్లాడితే సరిపోతుంది. గొరిల్లాల దగ్గరికి 15 ఏళ్ల లోపు పిల్లలను రానివ్వరు. పిల్లలను ఇంట్లో వదిలి రావాలా అని బాధపడేవారు ఉంటారు. కానీ ఒంట్లో ఏదో ఒక జలుబు తరచూ ఉండే వయసు అదే.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం చివరి వారంలో ఎదురవుతుంది. 2024 జూలై నుంచి ఉగాండాలో విదేశీ పర్యాటకుడికి గొరిల్లా అనుమతి పత్రం ధర 800 డాలర్లు. రువాండాలో అది 1,500. విమాన టికెట్టు, బస, వాహనం అన్నీ కలిపి లక్షలు పెట్టినవాడికి బయలుదేరే ముందు రోజు గొంతు నొప్పి మొదలైతే, నిజాయితీగా ఆగిపోవడం సులువు కాదు. అందుకే ఆ పరిస్థితి రాకుండా ముందే జాగ్రత్తపడాలి. అనుమతి పత్రం కొనేటప్పుడే, జబ్బు పడితే తేదీ మార్చుకోవచ్చా, డబ్బు ఎంత తిరిగి వస్తుంది అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. గొరిల్లాల రోజును దిగిన మర్నాడే కాకుండా ప్రయాణం చివర్లో పెట్టుకోవాలి. విమానంలో పక్కవాడి నుంచి అంటుకున్న జలుబు బయటపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ వ్యవధి మన దగ్గర ఉండాలి. వెళ్లడానికి ముందు వారం పెళ్లిళ్లు, పేరంటాలు, కిక్కిరిసిన సభలు తగ్గించుకుంటే ఇంకా మేలు. కొన్ని పరిశోధన కేంద్రాలలో అడవిలోకి వెళ్లేముందు శాస్త్రవేత్తలే కొన్ని రోజులు విడిగా ఉంటారు, అలాంటప్పుడు మనం వారం రోజులు కాస్త ఒదిగి ఉండటం పెద్ద త్యాగమేమీ కాదు.

అడవిలో ఆ ఒక్క గంట

ఉగాండాలో కొండ గొరిల్లాలుండే బ్విండి అడవిలో ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరికి రోజుకు 8 మంది పర్యాటకులనే, అదీ ఒక్క గంటసేపే, తీసుకువెళ్తారు. ఉదయం మార్గదర్శి నియమాలు చెప్పేటప్పుడు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడుగుతాడు. రాత్రి నుంచి గొంతులో గరగర ఉన్నా, రెండు మార్లు విరేచనమైనా ఆ క్షణమే చెప్పాలి. అడవిలోకి నడవడం మొదలుపెట్టాక చెబితే మిగిలిన ఏడుగురి రోజు కూడా పాడవుతుంది, అసలు చెప్పకపోతే ఒక గుంపే పోవచ్చు. జ్వరం తగ్గే మాత్ర వేసుకుని వస్తే వేడి తగ్గుతుంది గానీ, తుమ్ములో వైరస్ తగ్గదు. అలా చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మాస్కు మూడో నాలుగో తీసుకువెళ్లాలి. బ్విండిలో దారులు ఉండవు. బురదలో, తీగల మధ్య, నిట్టనిలువు గట్ల మీద గంటల తరబడి ఎక్కవలసి రావచ్చు, కాబట్టి గొరిల్లాలు కనిపించే సమయానికి మనం ఎగశ్వాసతో ఉంటాం. ఎగశ్వాసలో వచ్చే తుంపరలు మామూలు మాటలో కంటే ఎక్కువ. చెమటకు తడిసిన మాస్కు పనిచేయదు, అందువల్ల పొడి మాస్కును విడిగా ఒక సంచిలో ఉంచుకుని, ముందు వెళ్లిన జాడగాళ్లు గుంపు దగ్గరలోనే ఉందని చెప్పగానే, చేతులు శుభ్రం చేసుకుని కొత్తది కట్టుకోవాలి. సంచులు, చేతికర్రలు, తిండి పదార్థాలు అక్కడే మోతవారి దగ్గర వదిలిపెట్టాలి. కొద్దిగా ఊపిరి సర్దుకునే వరకు ఆగి, ఆ తరువాతే ముందుకు కదలాలి.

దగ్గరికి వెళ్లాక మార్గదర్శి గొంతులో నుంచి గుర్రుమంటూ ఒక లోతైన శబ్దం రెండు సార్లు చేస్తాడు. కడుపు నిండిన గొరిల్లాలు తీరిగ్గా ఉన్నప్పుడు చేసే శబ్దం అది; ఫరవాలేదు, వచ్చినవాళ్లు శత్రువులు కారు అని వాటికి చెప్పడం. అవతలి నుంచి వెన్ను నెరిసిన మగ గొరిల్లా అదే గొంతుతో బదులిస్తుంది. ఆ నిశ్శబ్దంలో మన దగ్గు ఎంత పెద్దగా వినిపిస్తుందో అక్కడ నిలబడినవారికే తెలుస్తుంది. దగ్గో తుమ్మో ఆపుకోలేకపోతే మాస్కు తీయకుండానే, గొరిల్లాలకు వీపు పెట్టి, మోచేతి మడతలో దగ్గాలి. వెంటనే చేతులు శుభ్రం చేసుకోవాలి. కళ్లె ఉమ్మడం, ముక్కు చీది విదిలించడం మనలో చాలామందికి ఆలోచన లేకుండా జరిగిపోయే అలవాట్లు. ఆ రోజంతా వాటి మీద ఒక కన్నేసి ఉంచుకోవాలి.

దూరం విషయానికి వస్తే, పాత నియమం 7 మీటర్లు, కొవిడ్ తరువాత 10 మీటర్లు చేశారు. అంటే ఇంచుమించు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. మనిషి మనసు ఇక్కడే జారుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన 858 గొరిల్లా ఫోటోలను 2021లో ఒక అధ్యయనం పరిశీలిస్తే, వాటిలో 86 శాతంలో మనుషులు 4 మీటర్ల లోపే ఉన్నారు. తప్పంతా పర్యాటకుడిదే అనడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే దట్టమైన పొదలలో అంత దూరం నుంచి ఏమీ కనిపించదు, పిల్ల గొరిల్లాలు ఆటగా మన వైపే వస్తాయి, బహుమానం కోసం ఆశపడే మార్గదర్శి కూడా ఒక్కోసారి చూసీచూడనట్టు ఉంటాడు. అందుకని మార్గదర్శి మీద ఒత్తిడి పెట్టకపోవడం మన వంతు. ఇంకొంచెం దగ్గరికి తీసుకెళ్లమని అడగవద్దు. దూరంగా ఉంచినందుకే మంచి బహుమానం ఇవ్వండి, ఎందుకు ఇస్తున్నారో చెప్పి మరీ ఇవ్వండి. పిల్ల గొరిల్లా దగ్గరికి వస్తే చెయ్యి చాచకుండా, పరుగెత్తకుండా, మెల్లగా వెనక్కి జరగాలి. సెల్ఫీ కోసం మాస్కు కిందికి లాగడం, గొరిల్లాకు వీపు పెట్టి నవ్వడం పూర్తిగా మానాలి.

మాస్కు ఎందుకు, నాకు ఏ జబ్బూ లేదు కదా అనేవారికి ఒక ఉదాహరణ. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ డియాగో సఫారీ పార్కులో గొరిల్లాలు దగ్గడం మొదలుపెట్టాయి, కొవిడ్ అని తేలింది. లక్షణాలేవీ లేని ఉద్యోగి నుంచే, అదీ జాగ్రత్తలు పాటిస్తుండగానే, వాటికి సోకి ఉంటుందని అక్కడివారు భావించారు. అవి జంతుప్రదర్శనశాలలోవి కనుక వైద్యం అంది కోలుకున్నాయి. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 8 సింహాలకు కొవిడ్ సోకిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడవిలోని గొరిల్లాకు ఆ భద్రత ఎక్కడిది?

మరుగుకు వెళ్లవలసి వస్తే మార్గదర్శికి చెప్పి, గుంపుకు దూరంగా, మూరెడు లోతు గొయ్యి తీయించి, పని కాగానే మట్టి బాగా కప్పాలి. పోలియో లాంటి వైరస్‌లు మలం ద్వారానే పోతాయి. వాడిన మాస్కు, రుమాలు, అరటి తొక్క సహా ఏదీ అడవిలో వదలకూడదు. 1996లో బ్విండి గొరిల్లాలకు గజ్జి సోకి ఒక పిల్ల చనిపోయినప్పుడు, పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా దాని మూలాన్ని చుట్టుపక్కల మనుషులలో, వారి మాసిన బట్టలలో గుర్తించారు. గజ్జి వైరస్ కాదు, పురుగు. కానీ మనం పారేసిన గుడ్డ గొరిల్లా చేతికి చేరుతుందని ఆ సంఘటన చెప్పింది. ఊరి ప్రజల ఆరోగ్యాన్ని బాగుచేయకుండా గొరిల్లాలను కాపాడలేమన్న ఆలోచనతోనే ఆమె 2003లో ఒక సంస్థను ప్రారంభించారు. బ్విండి వెళ్లినవారు ఆ ఊళ్లలోని కాఫీయో, చేతిపనులో కొంటే అది కూడా ఈ పనికి కొంత సాయమే.

రక్తం, మాంసం, గుహ

పర్యాటకుడికి నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది గొరిల్లాను చూడటం కాదు, దారిలో చేసే ఇతర పనులు. 2008లో ఉగాండాలోని మరామగాంబో అడవిలో గబ్బిలాలు నిండిన గుహను చూసి వచ్చిన నెదర్లాండ్స్ పర్యాటకురాలు, ఎబోలా కుటుంబానికే చెందిన మార్బర్గ్ వైరస్‌తో చనిపోయింది. దానికి కొన్ని నెలల ముందు అదే గుహకు వెళ్లిన అమెరికా పర్యాటకురాలికి కూడా ఆ వైరస్ సోకింది, ఆమె బతికింది. కాబట్టి గబ్బిలాలుండే గుహలలోకి, పాడుబడ్డ గనులలోకి అడుగు పెట్టవద్దు.

గాబన్, కామెరూన్, రెండు కాంగోలలో ఉండే మనవారికి సంతలలో అడవి జంతువుల మాంసం కనిపిస్తుంది, ఒక్కోసారి భోజనానికి పిలిచినవారు ఆప్యాయంగా వడ్డిస్తారు కూడా. వానరాల వేట చట్టవిరుద్ధం, అది సరే. ఉడికిన ముద్ద కంటే ముందు, పచ్చి మాంసాన్ని కోసి, కడిగి, వండిన చేతులకు ప్రమాదం ఎక్కువ అన్నది ఇంట్లో వంటమనిషి ఉన్నవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. తన గ్రామం నుంచి తెచ్చిన మాంసాన్ని మీ వంటగదిలో కోయవద్దని, ఎందుకో వివరించి, మర్యాదగా చెప్పండి. చింపాంజీ పిల్లను పెంచుకోమని ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోవద్దు. ఆ పిల్ల మీ దాకా రావడానికి దాని తల్లిని చంపి ఉంటారు, పైగా దాని కాటు వల్ల ఫోమీ వైరస్ లాంటివి మనిషిలోకి వచ్చి జీవితాంతం ఉండిపోతాయి. కామెరూన్ వేటగాళ్లలో దీన్ని 2004లో గుర్తించారు. దానివల్ల మనుషులకు జబ్బు వచ్చినట్టు ఇంతవరకు కనబడలేదు గానీ, దారి తెరిచే ఉందని మాత్రం రుజువైంది. కాటు పడినా, గీరుకుపోయినా సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి.

చనిపోయిన జంతువును తాకకూడదన్న నియమం మన అడవులకూ వర్తిస్తుంది. క్యాసనూరు అడవి జబ్బు 1957లో కర్ణాటకలో బయటపడింది కోతులు వరుసగా చనిపోవడంతోనే. అది పిడుదుల ద్వారా సోకే వైరస్. భారతదేశంలో ఉన్న ఒకే ఒక తోకలేని వానరం హూలాక్ గిబ్బన్. అస్సాంలో జోర్‌హాట్ దగ్గరి హొల్లోంగాపార్ అభయారణ్యంలో దాన్ని చూడటానికి వెళ్లేవారు కూడా జలుబు ఉంటే ఆగిపోవాలి, పండ్లు విసరకూడదు.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన తరువాత 21 రోజుల పాటు ఒంటిని కనిపెట్టుకుని ఉండాలి. ఎబోలా, మార్బర్గ్ వైరస్‌లు లోపల దాగి ఉండగలిగే గరిష్ఠ వ్యవధి అది. జ్వరం వస్తే చాలా సందర్భాలలో అది మలేరియానే అవుతుంది, కాబట్టి నాలుగు రోజులు మాత్రలతో నెట్టుకురాకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆస్పత్రికి బయలుదేరే ముందే ఫోన్ చేసి, ఏ దేశం నుంచి ఏ తేదీన వచ్చారో, ఏ అడవిలో తిరిగారో, గుహలోకి వెళ్లారా, జంతువును తాకారా అన్నది చెప్పాలి. మన ఊరి వైద్యుడు డెంగీ గురించి, టైఫాయిడ్ గురించి అడుగుతాడు, మీరు చెప్పకపోతే ఉగాండా గురించి అడగాలని ఆయనకు తోచదు.

చాలామంది మరిచిపోయే పని ఇంకొకటి ఉంది. గొరిల్లాలను చూసి వచ్చిన మర్నాడో, మూడో నాడో మీకు జలుబో జ్వరమో మొదలైతే, ఆ రోజు అడవిలో ఉన్నప్పుడే మీ ఒంట్లో వైరస్ ఉండి ఉండవచ్చు. అప్పుడు మీ యాత్రను ఏర్పాటు చేసినవారికి ఫోన్ చేసి, మీరు చూసిన గుంపు పేరు, తేదీ, మీ లక్షణాలు చెప్పి, ఆ మాటను పార్కు అధికారులకు చేరవేయమని అడగండి. రోజూ ఆ గుంపు వెంట నడిచే జాడగాళ్లు మర్నాటి నుంచి దగ్గు కోసం చెవి ఒగ్గి వింటారు, పశువైద్యులు ముందుగానే సిద్ధంగా ఉంటారు. దీనికోసం గుంపు పేరును అడవిలో ఉండగానే ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టులో పెట్టుకోండి.